‘అణా తెచ్చె’నా, ‘దాణా తెచ్చె’నా?

(మాట్లాడేవాళ్ల పేర్లకు బదులు వాళ్ల ఊళ్ల పేర్లు.)

దేవరకొండ: గుర్రప్పందేల మాట వచ్చినప్పుడల్లా మా తాత ఒక చరణం అనేవాడు. ‘మంది మెచ్చిన గుర్రమణా తెచ్చెనుర’ అన్నంతవరకే గుర్తుంది. రెండో పాదం ఎంత తడుముకున్నా అందడం లేదు. ఎవరైనా విన్నారా?

పానగల్లు: విన్నాను. కానీ అది అణా, అంటే రూపాయిలో పదహారో వంతు, కాదు; దాణా. అందరూ మెచ్చిన గుర్రం గెలిచినా మేత ఖర్చే గిడుతుందని ఎత్తిపొడుపు.

నాగర్‌కర్నూలు: యతి చూడండి సార్, పాదం మొదటి అక్షరానికి మూడో గణం మొదటి అక్షరం జత కుదరాలి, మం–మ. దాణా అంటే యతి ఎగిరిపోతుంది.

పానగల్లు: గుర్రము, అణా కలిస్తే వచ్చిన మకారం అది. యతి అణాలోని అకారానికి చూడాలి, మకారానికి కాదు. పైగా ద్విపద అంటారా, పాదంలో మొదటి మూడూ ఇంద్రగణాలే కావాలి, ఇక్కడ మూడో గణం లఘువుతో మొదలై వెంటనే గురువు వస్తోంది. అలాంటి ఇంద్రగణం ఒక్కటి చూపించండి.

నాగర్‌కర్నూలు: దాణాకు మాత్రం యతి ఉందా? టికెట్టు కిటికీ దగ్గర గణవిభజన చేసేవాడెవడు!

మలక్‌పేట: నల్లగొండ బస్సులో మా రేసుకోర్సు పక్కనుంచే కదా వెళ్తారు, ఒకసారి దిగి లెక్క చూసుకోవలసింది. టోట్‌లో, అంటే క్లబ్బు కౌంటరు దగ్గరి ఉమ్మడి పందెంలో, ఒక పందెం మీద కట్టిన సొమ్మంతా ఒకే కుప్ప. విన్‌ది, అంటే మొదట వస్తుందని కట్టినది వేరు, ప్లేస్‌ది, అంటే మొదటి కొన్ని స్థానాల్లో వస్తుందని కట్టినది వేరు. అందులో క్లబ్బు కమీషను, సర్కారు పన్ను తీసేసి, మిగిలినది గెలిచిన గుర్రం టికెట్లకు పంచుతారు. ఊరికే లెక్కకు, కుప్ప లక్ష, కోత పదిహేను వేలు అనుకుందాం. మిగిలింది 85,000. అందరూ ఎగబడిన గుర్రం మీదే 80,000 ఉంటే రూపాయికి వచ్చేది రూపాయి ఆరు పైసలు చిల్లర, అంటే అచ్చంగా ఒక అణా లాభం! ఎవరూ చూడని గుర్రం మీద 500 మాత్రమే ఉండి అది గెలిస్తే రూపాయికి 170. తాతగారిది అణాయే.

పానగల్లు: లెక్క మీరు అణాకు తగ్గట్టు కట్టారు. 85,000 కట్టి ఉంటే అసలు మాత్రమే తిరిగొస్తుంది, మేతకు కూడా మిగలదు. అయినా ఏ అణా? ఏడు నిజాం హాలీ రూపాయలు ఆరు ఇంగ్లీషువాళ్ల కంపెనీ రూపాయలకు సమానమైన రోజుల మాట అయితే?

మలక్‌పేట: నిష్పత్తికి ఏ నాణెం అయితేనేం? సొంతంగా పందేలు కట్టించుకునే బుకీ అయితే మీరు కట్టిన క్షణంలో చెప్పిన రేటుకు కట్టుబడతాడు, నష్టం వస్తే అతనిదే. టోట్‌కు ఏ గుర్రం గెలిచినా ఒకటే. బోర్డు మీద అంకెలు కౌంటరు మూసేదాకా మారుతూనే ఉంటాయి, చివర్లో నలుగురు ఎగబడితే మీ పంపకం పలచబడుతుంది. పారిస్‌లో ఓలర్ అనే ఆయన పెట్టిన పద్ధతి ఇది.

పాలమూరు: పంపకం అన్నారు కనుక చెబుతున్నా, పందెం అన్న మాటకు పందేరమే మూలమని నా నమ్మకం. గెలుచుకోవడం కాదు, పంచుకోవడం.

పానగల్లు: నన్నయ కాలంలో అది పన్నిదము, పందేరంతో పని లేదు. కద్రువ, వినత పెట్టుకున్నదీ గుర్రం మీదే, ఉచ్చైశ్రవం తోక మీద. ఇద్దరే కనుక కుప్పా లేదు, కోతా లేదు. కోతకు బదులు పాములు.

పాలమూరు: నన్నయ సరే, నోటికి ఎక్కాలంటే మా వర్ధమానపురం గోన బుద్ధారెడ్డి. రంగనాథ రామాయణంలో ఆ ద్విపద నడక వింటే రాయి కూడా తల ఊపుతుంది. యతి కోసం మాటను మెలితిప్పడు.

దేవరకొండ: రెండో పాదం అడిగాను మహానుభావులారా.

నాగర్‌కర్నూలు: ప్రాసకు రెండో అక్షరం ‘ంద’ కావాలి కనుక, ‘వందకొక్కడు మెచ్చ వంద తెచ్చెనుర’.

పానగల్లు: గణాలు కుదిరాయి, యతి కుదిరింది. అందుకే అనుమానం, ఇప్పుడు మీరే కట్టారు.

దేవరకొండ: తాత ‘ముందు’ అని ఎత్తుకునేవాడని నీడలా గుర్తు. ‘వంద’ మాత్రం కాదు.

పానగల్లు: ముందు అంటే ప్రాసకు చాలు. యతికి మూడో గణం ‘ము’, ‘మొ’ లాంటి అక్షరంతో రావాలి, అది ఆలోచించండి.