ఫోమ్ లేకుండా బతుకమ్మ వరసల స్టేజీ అలంకరణ: లోపల ఏం పెట్టి నిలబెట్టాలి?

బంతితోట (ప్రశ్న)

నమస్కారం అండి. నిశ్చితార్థం స్టేజీ ఆర్డరు ఉంది. హైదరాబాద్ కొంపల్లిలో ఏసీ హాలు, నవంబరు రెండో వారం, సాయంత్రం 6 నుంచి రాత్రి 11 దాకా. అమ్మాయి తరఫు వాళ్లు మూడు మాటలు చెప్పారు. పూలకాడలు గుచ్చే ఆకుపచ్చ ఫోమ్ ముక్క ఒక్కటి కూడా వాడొద్దు. ఆర్కిడ్లు, విదేశీ లిల్లీలు వద్దు, మన పూలే కావాలి. చూడగానే బతుకమ్మ గుర్తుకు రావాలి గానీ, బతుకమ్మనే తెచ్చి స్టేజీ మీద పెట్టినట్టు ఉండకూడదు. ఈ మూడోది నాకూ సబబే అనిపించింది. గౌరమ్మను నిలిపి కొలిచేదాన్ని ఫొటోల వెనక సామానుగా పెట్టలేం కదా.

అనుకున్నది ఇది: వెనక 8 అడుగులకు 8 అడుగుల ఫ్రేమ్, దాని మీద బంతి దండలు. రెండు పక్కలా మూడున్నర అడుగుల ఎత్తున వరసల గోపురాలు, బంతి ఒక వరస, గునుగు ఒక వరస. భోజనాల బల్లలు 12, వాటి మీద చిన్న అమరికలు.

సందేహాలు: గోపురం లోపల ఫోమ్ బదులు ఏం పెట్టాలి? బంతి ఎన్ని కిలోలు? తంగేడు వాడొచ్చా? బల్లల మీద ఎత్తు ఎంత ఉండాలి?

నారమాల

ముందు గోపురం సంగతి. మీరు వెతికే జవాబు బతుకమ్మలోనే ఉంది. పైన కనబడే రంగులు చూసి ఊరుకుంటాం గానీ, అసలు నేర్చుకోవాల్సింది దాని కడుపులో ఉంది. తాంబాళంలో గుమ్మడి ఆకులు పరిచి, చుట్టూ ఒక వరస పేరుస్తారు. కాడలన్నీ లోపలికి, తలలన్నీ బయటికి. మధ్యలో మిగిలిన ఖాళీలో తరిగిన కాడలు, ఆకులు నింపి అదుముతారు. దాని మీద ఇంకో వరస, కింది దానికన్నా వేలెడు లోపలికి. తీగ లేదు, జిగురు లేదు. పై వరస బరువు కింది వరస కాడలను తొక్కి పట్టుకుంటుంది. లోపల నింపింది వదులైతే మాత్రం నాలుగో వరసకే నడుము జారుతుంది. ఫోమ్ 1954లో వచ్చిందంటారు, మన ఆడవాళ్లకు దాని అవసరం ఏనాడూ పడలేదు.

అయితే ఈ పద్ధతి రెండడుగుల ఎత్తు దాకానే నమ్మకం. మూడున్నర అడుగులంటే లోపల వెన్నెముక కావాలి. ఇలా చేయండి:

పది లీటర్ల బకెట్ మధ్యలో నాలుగడుగుల వెదురు కర్ర నిలబెట్టి, చుట్టూ తడి ఇసుక పోసి గట్టిగా దట్టించండి. ఇనుప సామాన్ల కొట్లో అంగుళం కళ్ల కోళ్ల జాలీ దొరుకుతుంది, గాల్వనైజ్డ్‌ది అడగండి. అడుగున 24 అంగుళాల వెడల్పు వచ్చేలా శంకువులా చుట్టి బకెట్ మీద బోర్లించండి. పై కొసను కర్రకు తీగతో మూడు చోట్ల కట్టండి. పై రంధ్రంలోంచి వరిగడ్డి దోపుతూ అదుముతూ రావాలి. చేత్తో నొక్కితే జాలీ లోపలికి పోకూడదు, అదే గుర్తు. గడ్డి కొద్దిగా తడిపి దోపితే బాగా కుదురుకుంటుంది, కానీ నీళ్లు కారేంత వద్దు, మరీ తడిస్తే ముక్కిన వాసన వస్తుంది.

బంతిపూలు గుచ్చడానికి కొబ్బరి ఈనెలే మేలు. నాలుగంగుళాల ముక్కలు కోసి, ఒక కొస ఏటవాలుగా చెక్కండి. తొడిమ వైపు నుంచి పువ్వులోకి అంగుళం గుచ్చి, మిగతాది జాలీ కన్నులోంచి కిందికి వాలుగా గడ్డిలోకి దింపండి. నేరుగా అడ్డంగా గుచ్చితే పువ్వు బరువుకు ఈనె ముందుకు వాలి, రెండు గంటల్లో వరసంతా తల దించుకుంటుంది. అడుగు నుంచి పైకే పేర్చుకుంటూ రండి.

ఫోమ్ వద్దన్నవాళ్ల పట్టుదల సరైనదే. అది ఫినాల్ ఫార్మాల్డిహైడ్ ప్లాస్టిక్. పొడి పొడిగా రాలి నీళ్లలో కలిసిపోతుంది, మట్టిలో కరగదు. బ్రిటన్‌లో రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 2021 నుంచి తన ప్రదర్శనల్లో దాన్ని నిషేధించింది. ఇప్పుడు వస్తున్న కొత్త పోకడలన్నింటిలో నిలిచేది ఇదొక్కటేనని నా నమ్మకం. రంగులు ఏటేటా మారతాయి. పువ్వును లోపల పట్టుకునే ఏర్పాటు మారితే డిజైనే మారుతుంది.

తంగేడు స్టేజీ మీద వద్దండి. పొద్దున కోసిన కొమ్మ సాయంత్రానికి వాడిపోతుంది, రేకులు కింద రాలతాయి. రాష్ట్ర పుష్పం కదా, ఎక్కడో ఒకచోట ఉండాలనుకుంటే స్వాగతం దగ్గర నీళ్లు పోసిన ఉరుళిలో (వెడల్పాటి పాత్రలో) మొగ్గల కొమ్మలు రెండు పెట్టండి, అతిథులు రావడానికి అరగంట ముందు.

తెల్లారి_మండి

లెక్కలు నేను చెప్తాను. పెద్ద బంతి అయితే కిలోకు 100 నుంచి 120 పూలు తూగుతాయి. చిన్న రకమైతే ఇంకా ఎక్కువ. అందుకే కొనేముందు ఒక కిలో తూయించి లెక్కపెట్టుకోండి.

దండ: పువ్వు నడిమిలోంచి గుచ్చి దగ్గర దగ్గరగా జరిపితే అడుగుకు 10 పూలు. అంటే కిలోకు 10 నుంచి 12 అడుగులు. 8 అడుగుల ఫ్రేమ్‌కు నాలుగంగుళాలకు ఒకటి చొప్పున 24 దండలు, మొత్తం 192 అడుగులు, సుమారు 16 నుంచి 19 కిలోలు. ఆ బరువంతా పై పైపు మీదే పడుతుంది. కాబట్టి ఫ్రేమ్ ఒక్కో కాలికి 15 కిలోల ఇసుక బస్తా తప్పకుండా వేయండి. ముందుకు ఒరగకుండా వెనక గోడ వైపు కూడా కట్టండి.

గోపురం: అడుగున వెడల్పు 24 అంగుళాలు, ఎత్తు 42 అంగుళాలు అంటే పూర్తిగా బంతితో కప్పితే 300 పూలు పైచిలుకు. సగం వరసలు గునుగు కాబట్టి ఒక్కో గోపురానికి 150 చాలు. నలిగినవి, పురుగు ఉన్నవి తీసేయగా మిగలాలి కాబట్టి రెండేసి కిలోలు తీసుకోండి.

గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు తెల్లవారుజామునే వెళ్లాలి, పొద్దెక్కితే ఏరుకోవడానికి ఏమీ మిగలదు. బంతి ఎలా చూడాలంటే, తలకిందులు చేసి తొడిమ దగ్గర బొటనవేలితో నొక్కండి. గట్టిగా, ఆకుపచ్చగా ఉంటే ఆ రోజుది. మెత్తగా ఉండి వేలికి చెమ్మ అంటితే మూటలో ఉడికిన పువ్వు, సాయంత్రానికి లోపలి రేకులు నల్లబడతాయి. బస్తా పైపూలు చూసి కొనొద్దు, చెయ్యి అడుగుదాకా పెట్టి చూడండి. లోపల వెచ్చగా తగిలితే వదిలేయండి.

ఇంటికి తెచ్చాక అందరూ చేసే తప్పు బంతి మీద నీళ్లు చిలకరించడం. రేకుల మధ్య నీరు నిలిచి కుళ్లుతుంది. గోనెపట్టా మీద ఒకటి రెండు పొరలుగా పరిచి ఫ్యాన్ గాలికి వదలండి. మల్లె, సన్నజాజికి ఇది వర్తించదు. అవి తడిగుడ్డలో, ఐస్ పెట్టెలో ఉండాలి, ఐస్ నేరుగా తగలకూడదు.

లిల్లీ కాడలు (రజనీగంధ) వాడితే అడుగున ఒకటి రెండు పూలు విచ్చినవి తీసుకోండి. కొస మొగ్గలు అంగుళం మేర తుంచేస్తే కింది మొగ్గలు విచ్చుకుంటాయి. గులాబీకి కింది ఆకులు తీసి, కాడ కొసను ఏటవాలుగా కోసి, మూడు నాలుగు గంటలు లోతు నీళ్లలో ఉంచాలి. జర్బరాకు అలా వద్దు, దాని కాడ నూగుది, లోతు నీళ్లలో కుళ్లి మెడ వంగుతుంది. రెండు మూడు అంగుళాల నీళ్లు చాలు.

ఇంకొకటి. బంతి రసం పట్టుచీరకు అంటితే పసుపు మరక పోదు. జంట కూర్చునే చోటికి, దండలకు మధ్య కనీసం రెండడుగులు వదలండి. దారం నూలుదే వాడండి. మర్నాడు పూలు దారంతో సహా ఎరువు గుంతలో పడేయొచ్చు, నైలాన్ అయితే ఎవరో ఒకరు కూర్చుని విప్పాలి.

ఖాళీజాగా

లెక్కలు సరైనవే. కానీ 24 దండలు ఒకే సైజులో నిలువుగా వేలాడదీసే తెర నాకు నచ్చలేదు, సూటిగానే చెప్తున్నాను. అది నగరంలో ప్రతి హల్దీలో ఉంది. గోపురాలు వరసల మీద నిలబడ్డప్పుడు వెనక కూడా అదే మాట మాట్లాడాలి. దండలను నిలువుగా కాకుండా అడ్డంగా కట్టండి. కింద కుడివైపు ఒత్తుగా, రెండంగుళాలకు ఒక వరస. పైకి, ఎడమకు పోయేకొద్దీ వరసల మధ్య నాలుగు, ఎనిమిది, పన్నెండు అంగుళాలు వదలండి. ఎడమ పైమూల పూర్తిగా ఖాళీ, వెనక గుడ్డ మాత్రమే కనబడాలి. ఇలా చేస్తే 110 అడుగుల దండ చాలు, 10 కిలోలు. ఫ్రేమ్ మీద బరువూ సగమవుతుంది. అడ్డం దండ మధ్యలో ఉట్టిలా దిగుతుంది కాబట్టి రెండడుగులకు ఒకచోట సన్న దారంతో పై వరసకు కట్టండి.

రంగు విషయంలో కూడా అదే దారి. ఆరెంజ్, పసుపు, ఎరుపు, తెలుపు అన్నీ కలిపేస్తే దూరం నుంచి ఒకటే ముద్దగా ఉంటుంది. కింద ముదురు ఆరెంజ్ బంతి, పైకి పోతూ నిమ్మ పసుపు బంతి, ఆ పైన పసుపు చామంతి, చివర తెల్ల చామంతి. గునుగుకు దాని సహజ రంగే, వెండి మీద గులాబీ చాయ, చాలా అందంగా ఉంటుంది. బతుకమ్మకు ముంచినట్టు రంగులో ముంచకుండా వాడితేనే బతుకమ్మ గుర్తుకొస్తుంది, బతుకమ్మ అవ్వదు. అమ్మాయి వాళ్లు అడిగింది సరిగ్గా అదే. ముంచాలనే అనుకుంటే, నీడన బాగా ఆరాకే వరసలో పెట్టండి. పచ్చిగా ఉంటే ఆ రంగు పక్కనున్న తెల్ల చామంతిలోకి దిగుతుంది.

బల్లలు: ఇక్కడ ఇకెబానా (జపాన్ వాళ్ల పూల అమరిక) కొలత పనికొస్తుంది. పళ్లెం వెడల్పు, లోతు కలిపి ఒకటిన్నరతో గుణిస్తే పెద్ద కాడ పొడవు. దానిలో ముప్పావు వంతు రెండోది, రెండోదానిలో ముప్పావు వంతు మూడోది. సొగెత్సు పాఠశాల మొదటి పాఠంలో ఇవి నిలువు నుంచి 15, 45, 75 డిగ్రీలు వాలుతాయి. పది అంగుళాల ఇత్తడి పళ్లెం, రెండంగుళాల లోతు అనుకుంటే పెద్ద కాడ 18 అంగుళాలు వస్తుంది. భోజనం బల్ల మీద అది ఎదుటి మనిషి మొహానికి అడ్డం. అందుకని ఒకటిన్నర వదిలేసి ఒకటితోనే లెక్కవేయండి: 12, 9, 7 అంగుళాలు. రెండు లిల్లీ కాడలు, ఒక కోడిజుట్టు పువ్వు, అడుగున మరువం. అంతే, ఇంకేమీ కలపొద్దు. లిల్లీ వాసన భోజనం దగ్గర ఘాటనుకునేవాళ్లుంటే ఆ రెండు కాడల బదులు రెల్లు.

కాడలు నిలబెట్టడానికి ముళ్లపీట, అదే కెన్జాన్, మూడంగుళాలది. పళ్లెం పొడిగా ఉన్నప్పుడే పుట్టీతో అతికించాలి, నీళ్లు పోశాక అతకదు. పన్నెండు కొనడం భారమైతే కోళ్ల జాలీ ముక్కను ఉండలా నలిపి చిన్న ఇత్తడి చెంబులో దోపండి. కాడ రెండు మూడు పొరల్లోంచి పోతేనే కదలదు. చెంబుకు గీతలు పడకుండా లోపల ఒక అరటాకు ముక్క వేయండి.

బంతితోట

అందరికీ చాలా థ్యాంక్స్ అండి. అడ్డం దండల ఆలోచన వాళ్లకు పంపాను, ఒప్పుకున్నారు. చిన్న గోపురం ఒకటి నమూనాకు కడితే రెండు ఇబ్బందులు కనిపించాయి. సగం ఎత్తు వచ్చాక మొత్తం ఒక పక్కకు ఒరిగింది. గునుగు కంకులు గుచ్చుతుంటే విరుగుతున్నాయి. నవంబరుకు గునుగు దొరుకుతుందా అన్నది ఇంకో బెంగ.

నారమాల

ఒరిగిందంటే ఒక పక్క మొత్తం పేర్చి, తర్వాత రెండో పక్క మొదలుపెట్టి ఉంటారు. ఒక్కో వరస చుట్టూ పూర్తయ్యాకే పైకి పోవాలి. బకెట్‌ను తిరిగే పీట మీద పెట్టుకుంటే మీరు కదలకుండా అదే తిరుగుతుంది. ఇసుక పొడిగా ఉన్నా కర్ర వదులవుతుంది, చూసుకోండి.

గునుగును ఒక్కొక్కటిగా గుచ్చకండి, దాని కాడకు ఆ సత్తువ లేదు. ఎనిమిది పది కంకులు కొసలు సమానంగా పట్టుకుని, కాడలు మూడంగుళాలు ఉంచి కోసి, తడిపిన అరటినారతో చిన్న కట్ట కట్టండి. కట్టలో ఒక ఈనె కలిపి కడితే అదే గుచ్చుకుని పోతుంది, కంకి విరగదు. నార ఆరేకొద్దీ బిగుసుకుంటుంది కాబట్టి ముందే మరీ బిగించొద్దు. అడుగు వరస చుట్టుకొలత 75 అంగుళాలు, కట్ట ఒకటిన్నర అంగుళం, అంటే ఆ వరసకు 50 కట్టలు. పైకి పోయేకొద్దీ తగ్గుతాయి.

నవంబరు దాకా చేలల్లో గునుగు కోసం చూడకండి. బతుకమ్మ రోజుల్లోనే కొని ఎండబెట్టుకోండి. కంకి అడుగున బొటనవేలితో రుద్దితే నల్లగా మెరిసే గింజలు రాలాయంటే ముదిరిపోయింది, స్టేజీ మీద రేగిపోతుంది. గింజ రాలనివే ఏరి, పదిహేనేసి కాడలు కట్ట కట్టి, ఎండ తగలని గదిలో తలకిందులుగా వారం పది రోజులు వేలాడదీయండి. ఎండలో పెడితే ఆ గులాబీ చాయ పోయి గడ్డి రంగు మిగులుతుంది. ఆరాక అట్టపెట్టెలో కాగితం పొరల మధ్య పెట్టుకోండి. ప్లాస్టిక్ కవరులో పెడితే చెమ్మకు బూజు పడుతుంది.

ఎండినవి కాబట్టి గునుగు వరసలు ముందురోజే కట్టేసుకోవచ్చు. ఆ రోజు మధ్యాహ్నం బంతి వరసలు మాత్రమే గుచ్చాలి. అందుకని నమూనా కట్టినప్పుడే జాలీ మీద బంతి వరసల చోటు సుద్దముక్కతో గీసి పెట్టుకోండి, రెండున్నర అంగుళాల వెడల్పున.