అప్‌డేట్: క్లాసుల టెస్టింగ్ వరుస తేలింది

భీమవరం దగ్గర రొయ్యల చెరువుల మేత లెక్కలకు రాస్తున్న సాఫ్ట్‌వేర్‌లో 14 క్లాసులు (ప్రోగ్రాంలోని విడివిడి భాగాలు) ఉన్నాయి, ఏది ముందు టెస్ట్ చేయాలని అడిగాను కదా. మీరు చెప్పినట్టే ఏది దేనిమీద ఆధారపడిందో బాణాలు గీశాను. దేనిమీదా ఆధారపడని ‘తేదీ’, ‘మేతరకం’ ముందే అయిపోయాయి. టెన్షనంతా ‘చెరువు’, ‘మేతపద్దు’ దగ్గరే, ఒకదాన్నొకటి పిలుచుకుంటున్నాయి, అందుకే ఏదీ ముందు టెస్ట్ చేయడానికి కుదరలేదు. ఇలా చుట్టూ తిరిగొచ్చే బాణాల చక్రాలను పట్టే, కంప్యూటర్ శాస్త్రవేత్త రాబర్ట్ టార్జన్ 1972 నాటి అల్గారిథమ్ నడిపితే చక్రం అదొక్కటే అని తేలింది. చక్రం విడగొట్టాలంటే ఒక బాణం తెంచి, అవతలి క్లాసు బదులు స్టబ్ (టెస్ట్ కోసం పెట్టే ఉత్తుత్తి కోడ్) పెట్టాలి. ఇన్‌హెరిటెన్స్ (తల్లి క్లాసు లక్షణాలు పిల్ల క్లాసుకు వచ్చే సంబంధం) బాణం తెంచితే తల్లి క్లాసుకే స్టబ్ రాయాలి, అది చాలా కష్టం. అందుకే చెరువు నుంచి పద్దుకు వెళ్లే మామూలు అసోసియేషన్‌ను (ఒక క్లాసు ఇంకోదాన్ని వాడుకునే సంబంధాన్ని) తెంచి స్టబ్ పెట్టాను. ఇదివరకు 6 స్టబ్‌లు రాసేవాడిని, ఇప్పుడు ఒక్కటే!

తర్వాత స్టబ్ తీసి అసలు పద్దు కలిపి చెరువును మళ్లీ టెస్ట్ చేశాను. పద్దు బస్తాల్లో ఇస్తుంటే చెరువు కిలోలనుకుంటోంది. ఆ తప్పు అక్కడే దొరికింది. అందరికీ చాలా థాంక్స్ అండి.