నవ్వించే దెయ్యాల సినిమాలలో ఇంటిల్లిపాదీ చూడదగినది ఏది?

నమస్కారం. మాది నెల్లూరు జిల్లా కావలి. దసరా సెలవులకు ఒంగోలు నుండి మా అక్కగారి పిల్లలు వస్తున్నారు. వారితోపాటు మా అమ్మగారు కూడా కూర్చుని చూడదగిన ఇటీవలి సోషియో ఫాంటసీ లేదా హారర్ కామెడీ చిత్రం ఒకటి సూచించవలసిందిగా కోరుతున్నాను.

అమ్మగారికి ఈ తరహా చిత్రమంటే 1994 నాటి ‘యమలీల’యే. పోగొట్టుకున్న ‘భవిష్యవాణి’ గ్రంథం కోసం యముడు చిత్రగుప్తుణ్ణి వెంటబెట్టుకుని భూలోకానికి దిగివచ్చి తిప్పలు పడుతుంటే, ఎన్నిసార్లు చూసినా ఆవిడ పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతారు.

ఇటీవలివాటిలో నేను 2024లో వచ్చిన ‘ఓం భీమ్ బుష్’, 2025లో వచ్చిన ‘శుభం’ చూశాను. మొదటిదానిలో ముగ్గురు మిత్రుల అల్లరి కడుపుబ్బ నవ్వించినా, కొన్ని ద్వంద్వార్థపు మాటలు పెద్దల పక్కన కూర్చుని వినడానికి ఇబ్బందిగా ఉంటాయి. రెండవదానిలో, రాత్రి సీరియల్ వేళకు భార్యలు దెయ్యం పట్టినట్లు టీవీ ముందు కూర్చుండిపోవడమన్న ఊహ నాకెంతో నచ్చింది (ఆ వేళకు మా ఇంట్లోనూ పిలిస్తే పలికే నాథుడుండడు); అయితే ఆ సన్నివేశాలకు ఆరేళ్ళ చిన్నవాడు జడుసుకుంటాడేమోనని సందేహం. మనుషులను చూసి దెయ్యాలే భయపడే 2017 నాటి ‘ఆనందో బ్రహ్మ’కు సాటివచ్చే హాస్యం ఆ తరువాత రాలేదని నా అభిప్రాయం, కానీ పిల్లలు దానిని చూసేశారు.

‘శుభం’ను చిన్నపిల్లలతో కలిసి చూసినవారు వారెలా స్పందించారో దయచేసి తెలియజేయగలరా? అది తగదనుకుంటే, రక్తపాతమూ వెకిలి హాస్యమూ లేని మరొక చిత్రం పేరు, అది ఏ ఓటీటీలో తెలుగులో లభిస్తుందో కూడా చెప్పగలరు.