జపనీస్ పోర్క్ కట్లెట్: రోసు చెప్పాలా, హిరే చెప్పాలా? లోపల గులాబీ రంగు ఉంటే తినొచ్చా?

మాదాపూర్ మిత్రుడు:
జూబ్లీహిల్స్ వైపు ఐదారు టేబుళ్లున్న ఒక చిన్న జపనీస్ రెస్టారెంట్‌కి శనివారం రాత్రి నలుగురం వెళ్తున్నాం. మెనూలో టోంకాత్సు, అంటే బ్రెడ్ పొడి పట్టించి వేయించిన పోర్క్ కట్లెట్, రెండు రకాలుంది, రోసు, హిరే. ఆర్డర్ చెప్పాక ఇరవై నిమిషాలు పడుతుందని ముందే రాసి పెట్టారు. ఫొటోల్లో కొన్ని ముక్కలు మధ్యలో లేత గులాబీ రంగులో కనిపిస్తున్నాయి. మన ఊళ్లో పోర్క్ అలా తినడం క్షేమమేనా? మాలో ఒకరు పోర్క్ ముట్టరు, వారికి చికెన్ కాత్సు చెబితే సరిపోతుందా? ఇంకొకటి, కొన్నిచోట్ల కోయగానే పైపొర మాంసం నుంచి ఊడి వచ్చేస్తుంది. ఎందుకలా?

నూనె మూకుడు:
పోర్క్ తినే ముగ్గురికీ రెండు రోసు, ఒక హిరే చెప్పి పంచుకోండి. రోసు అంటే వెన్ను పక్క ముక్క. ఒక అంచు పొడవునా కొవ్వు పట్టీ ఉంటుంది, రుచి ఎక్కువ అక్కడే. హిరే వెన్నెముక లోపలి వైపు కండ. చాలా మెత్తన, కొవ్వు దాదాపు ఉండదు. కొవ్వు నోటికి సయించనివాళ్లకి అదే మేలు.

ఇరవై నిమిషాలంటే సంతోషించండి. ఆర్డర్ వచ్చాకే పిండి, గుడ్డు, బ్రెడ్ పొడి పట్టిస్తున్నారన్నమాట. ముందే పట్టించి ఉంచితే మాంసంలోని తడిని పొడి పీల్చుకుని ముద్దవుతుంది. 1.5 నుంచి 2 సెం.మీ. మందం ముక్కని 165–170 డిగ్రీల నూనెలో 4–5 నిమిషాలు వేయించి, జాలీ మీద 3–4 నిమిషాలు ఉంచుతారు. ఆ వ్యవధిలో బయటి వేడి లోపలికి దిగి మధ్యభాగం ఉడుకుతుంది. తర్వాత 180 డిగ్రీల దగ్గర ఒక్క నిమిషం మళ్లీ వేస్తే పైపొర గట్టిపడి నూనె విడుస్తుంది. కొన్ని చోట్ల తక్కువ వేడి మీద ఒకేసారి ఎక్కువసేపు వేయిస్తారు. అలా చేసినది రంగు తెల్లగా ఉంటుంది, అది లోపం కాదు. ఐదు నిమిషాల్లో ప్లేటు వచ్చేసిందంటే మాత్రం ముక్క పలచనిదైనా అయ్యుండాలి, ముందే వేయించి పెట్టిందైనా అయ్యుండాలి.

పైపొర ఊడటానికి చాలా వరకు కారణం తడి. మాంసాన్ని ఒత్తి తుడవకుండా పిండి అద్దితే, లేక పిండి మందంగా పట్టిస్తే, మధ్యలో జిగురు పొర ఏర్పడుతుంది. వేగేటప్పుడు ఆవిరి దాన్ని పైకి నెడుతుంది. పిండి దులిపితే రాలిపోయేంత పలచగా ఉండాలి. రెండో కారణం నరాలు. రోసులో కొవ్వుకీ కండకీ మధ్య తెల్లటి నరం ఒకటి సాగుతుంది. దాన్ని కత్తి మొనతో నాలుగైదు చోట్ల తెంపకపోతే వేడికి అది ముడుచుకుని ముక్క వంగిపోతుంది, పైపొర వంగదు, ఖాళీ మిగులుతుంది. ఎక్కువ వేగినా మాంసం కుంచించుకుని అదే జరుగుతుంది. ఇక కోయడం: కత్తిని రంపంలా లాగకూడదు, పై నుంచి ఒక్క దెబ్బతో దింపాలి.

రంగు కూడా గమనించండి. మన బేకరీల మిల్క్ బ్రెడ్‌లో చక్కెర ఎక్కువ. ఆ పొడి వాడితే లోపల ఉడికేలోపే పైన నల్లబడుతుంది, చిరుచేదు వస్తుంది. అందుకే తీపి తక్కువ బ్రెడ్ పొడి కావాలి. పలుకులు పెద్దవిగా, నిటారుగా నిలబడి ఉంటే మంచి పొడి వాడారని అర్థం.

బోయిన్‌పల్లి కిచెన్:
గులాబీ రంగు విషయం నేను చెప్తాను. సరిగ్గా ఉడకని పోర్క్ తింటే నేరుగా మెదడులో పురుగు చేరుతుందని చాలామందికి ఒక పొరపాటు అభిప్రాయం ఉంది. సరిగ్గా ఉడకని పోర్క్‌తో వచ్చేది కడుపులో బద్దెపురుగు. మెదడులో తిత్తులు ఏర్పడే జబ్బు దాని గుడ్ల వల్ల వస్తుంది, అంటే ఆ పురుగు ఉన్న మనిషి మలంతో కలుషితమైన నీళ్లు, పచ్చి కూరలు, కడుక్కోని చేతుల ద్వారా. కాబట్టి పోర్క్ బాగా ఉడికించారా అని అడిగినట్టే, పక్కన పెట్టే పచ్చి క్యాబేజీని ఏ నీళ్లతో కడిగారని కూడా అడగండి. శుభ్రమైన నీళ్లలో నానబెట్టి, పూర్తిగా వడకట్టి ఇవ్వాలి. వర్షాకాలంలో ఇది మరీ ముఖ్యం.

ఇక వేడి. అమెరికా వ్యవసాయ శాఖ 2011లో ముక్కగా ఉన్న పోర్క్‌కి 63 డిగ్రీలు, ఆపైన 3 నిమిషాల విరామం చాలంది. అంతకుముందు 71 అనేవారు. జపాన్ నియమం ఇంకా గట్టిది: మధ్యభాగం 63 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు, లేదా దానికి సమానంగా 75 దగ్గర 1 నిమిషం. పచ్చి పోర్క్ వడ్డించడాన్ని 2015లో అక్కడ నిషేధించారు కూడా. రంగు చూసి తీర్పు చెప్పకండి, బాగా ఉడికిన ముక్క కూడా ఒక్కోసారి లేత గులాబీగానే ఉంటుంది. మాంసం ఎక్కడి నుంచి వస్తుంది, థర్మామీటర్ పెడతారా అని అడగండి. స్పష్టమైన జవాబు రాకపోతే "పూర్తిగా ఉడికించండి" అని ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పండి. 71 దాకా పోనిచ్చినా రోసు ఎండిపోదు, కొవ్వు కాపాడుతుంది. హిరే కాస్త పొడిబారుతుంది.

సైనిక్‌పురి:
పోర్క్ తినని మిత్రుడికి చికెన్ కాత్సు చెప్పేముందు నూనె సంగతి కనుక్కోవాలి. చిన్న కిచెన్‌లో మూకుడు ఒకటే ఉండొచ్చు, పైగా కొందరు నూనెలో పంది కొవ్వు కలుపుతారు, జపాన్‌లో అది మామూలే. సూప్ పేరు టోంజిరు అయితే అందులో పోర్క్ ఉంటుంది, మిసో (పులియబెట్టిన సోయా ముద్దతో చేసే సూప్) అయితే సాధారణంగా ఎండుచేపల రసం ఉంటుంది. కాత్సు కర్రీ విషయంలో ఇంకా జాగ్రత్త: కొన్ని రెడీమేడ్ కర్రీ ముద్దల్లో బీఫ్ కొవ్వు, పంది కొవ్వు కలుస్తాయి. మతరీత్యా పట్టింపు ఉంటే ఈ నాలుగూ ఫోన్‌లోనే అడగాలి, అక్కడికెళ్లాక మొహమాటపడి ఊరుకుంటారు.

తినేటప్పుడు సాస్ ప్లేటంతా పోయొద్దు. మధ్య ముక్కని ముందు ఉప్పుతో తినండి, ఆ తర్వాతి ముక్కలకి ఒక్కోదానికీ కొంచెం సాస్. పక్కన పెట్టే పసుపు ముద్ద కరాషి, అంటే జపనీస్ ఆవముద్ద. అది ఆవ పెట్టిన పనసపొట్టు కూరలాగే ముక్కుకి పడుతుంది, కాబట్టి పెసరగింజంత చాలు. కొవ్వు ముక్కకి అది బాగా కుదురుతుంది. నువ్వులు, చిన్న రోలు ఇస్తే సగం సగం నూరి సాస్ అందులోనే పోసుకోండి.

మాదాపూర్ మిత్రుడు:
అందరికీ ధన్యవాదాలండీ. ఒక్క సందేహం, ఇంట్లో అమ్మకి కొంపల్లి దాకా పార్సిల్ తీసుకెళ్తే నిలుస్తుందా?

నూనె మూకుడు:
మామూలు టోంకాత్సు నిలవదండీ. మూతపెట్టిన డబ్బాలో ఆవిరి తిరిగి పైపొర మీదే పడుతుంది, పావుగంటకే మెత్తబడుతుంది. తప్పదనుకుంటే కోయకుండా ఇమ్మనండి, క్యాబేజీ, అన్నం వేరే డబ్బాల్లో, కాత్సు డబ్బా మూత కాస్త తెరిచి. ఇంటికెళ్లాక ఓవెన్‌లో గానీ ఎయిర్ ఫ్రయర్‌లో గానీ 180 డిగ్రీల మీద 6–8 నిమిషాలు జాలీ మీద పెట్టి అప్పుడు కోయండి. మైక్రోవేవ్ వద్దు. అంతకన్నా కాత్సు సాండో, అంటే కట్లెట్ పెట్టిన శాండ్‌విచ్, తీసుకోవడం తెలివైన పని. అందులో పైపొర సాస్ పీల్చుకుని బ్రెడ్‌తో కలిసి మెత్తగానే ఉండాలి, కొంపల్లి చేరేసరికి ఏమీ చెడదు. పెద్దావిడకి నమలడం సులువుగా ఉండాలంటే హిరేతో చేయమనండి.