కిందకి లాంగ్‌వాల్ ప్యానెల్ వస్తోంది: బావికీ వాగుకీ ముందే ఏం కొలిచి పెట్టుకోవాలి?

వాగుగట్టు అడిగిన ప్రశ్న:
మా పొలం కిందుగా భూగర్భ బొగ్గు గని లాంగ్‌వాల్ ప్యానెల్ (ఒక వరసలో బొగ్గంతా తీసేసే పొడవైన భాగం) వస్తోంది. లోతు 180 మీటర్లు, ఫేస్, అంటే బొగ్గు కోస్తున్న చోటు, ఇంకా 700 మీటర్ల దూరంలో ఉందట. ఫేస్ ఇప్పటికే దాటిపోయిన చోట వాగు ఎలా ఉందో చూద్దామని నిన్న ఎగువకి నడిచి వెళ్లాను. మడుగు అడుగు రాతిలో చెయ్యి దూరేంత పగులు పడింది. నీళ్లు చప్పుడు లేకుండా అందులోకి జారిపోతున్నాయి. అక్కడి నుంచి కొంత దూరం ఎండిన రాళ్లే. దిగువన మళ్లీ నీళ్లు ఊరుతున్నాయి గానీ, రాళ్లకి నారింజ రంగు జిగురు పట్టి ఉంది. మా బావి ఇప్పటికి బాగానే ఉంది. అమ్మ మాత్రం రోజూ చేద వేసి, తాడు ఎంత దిగిందో చూసుకుంటూ టెన్షన్ పడుతోంది. గని వాళ్లని అడిగితే వేసవి కదా అంటున్నారు. నిజంగా వేసవి వల్లేనా?

ఊటబావి:
మా బావిలో ఫేస్ కిందుగా వెళ్లిన వారంలోనే నీళ్లు అడుక్కి పోయాయి. ఆరేడు నెలలకి సగం వరకు తిరిగొచ్చాయి. అంతకుముందు మట్టం ఎంతో మేం ఎప్పుడూ రాసి పెట్టుకోలేదు, అందుకే మా మాట ఎవరూ నమ్మలేదు. మీకింకా టైం ఉంది. ఈ రోజే మొదలుపెట్టండి.

లెవెల్‌కర్ర:
గనుల్లో 26 ఏళ్లు సర్వేయర్‌గా చేశాను. మీరు చూసింది వేసవి పని కాదు. ఎండకి వాగు సన్నబడుతుంది, మడుగులు మెల్లగా కుంచించుకుపోతాయి. పైన పారే నీళ్లు ఉన్నట్టుండి ఒక పగుల్లో దిగిపోయి, దిగువన తేలడం వేరే సంగతి.

లాంగ్‌వాల్‌లో బొగ్గు తీసేకొద్దీ వెనక పైకప్పు కూలిపోతుంది. అలా రాళ్లు కూలి నిండిన ఖాళీని గోఫ్ అంటారు. దాని మీద రాతి పొరలు పగులుతాయి. ఆ పగుళ్లు తీసిన బొగ్గు పొర మందానికి 20 నుంచి 60 రెట్ల ఎత్తు వరకు వెళ్లొచ్చని లెక్క కడతారు. 3 మీటర్ల పొర తీస్తే 60 నుంచి 180 మీటర్లు. మీ లోతు 180 అన్నారు కాబట్టి మీ పొర మందం ఎంతో ముందు కనుక్కోండి. మధ్యలో మెత్తటి షేల్ (బంకమట్టి గట్టిపడ్డ రాయి) పొరలుంటే కొంత కాపాడతాయి, పగుళ్లు మళ్లీ మూసుకునే గుణం వాటికుంది. గట్టి ఇసుకరాయికి ఆ గుణం లేదు.

వాగు పగలడానికి గోఫ్ దాకా దారి ఉండక్కర్లేదు. నేల కుంగేటప్పుడు రెండు గట్లూ ఒకదానివైపు ఒకటి జరుగుతాయి, మధ్యలో నలిగిన అడుగు రాయి పైకి ఉబ్బి చీలుతుంది. ఆస్ట్రేలియాలో సిడ్నీకి దక్షిణాన ఉన్న వరాటా వాగులో ఇదే జరిగింది. నీళ్లు రాతి పడక కిందకి దిగి, దిగువన ఇనుముతో తేలాయి. అక్కడి ప్రభుత్వం వేసిన విచారణ సంఘం 2008లో నివేదిక ఇచ్చింది.

ఆ నారింజ రంగు ఇనుమే. కొత్తగా పగిలిన రాతి సందుల్లో నీళ్లు తిరిగి, రాతిలోని ఇనుమును కరిగించుకుని వస్తాయి. పైకి వచ్చి గాలి తగిలేసరికి అది తుప్పులా పేరుకుంటుంది. అలా నీళ్లు తేలే చోట ఒక సీసా నింపి రాత్రంతా మూత తీసి ఉంచండి. తేటగా ఉన్న నీళ్లు తెల్లారేసరికి రంగు మారి అడుగున మడ్డి కడితే అనుమానం అక్కర్లేదు. ల్యాబ్‌లో ఒక్క పీహెచ్ (నీటి ఆమ్ల గుణం కొలత) చూపించి వదిలేయకండి. రాతిలో సున్నం ఉంటే ఇనుముతో పాటు నీళ్లలో చేరే ఆమ్లం విరిగిపోయి పీహెచ్ మామూలుగానే వస్తుంది, ఇనుమూ సల్ఫేటూ మాత్రం ఎక్కువగా ఉంటాయి. ఆ రెండూ, విద్యుత్ వాహకతా తప్పకుండా అడగండి.

బావి మట్టం వారానికోసారి, ఫేస్ దగ్గరపడ్డాక రోజూ కొలవండి. ప్యానెల్‌కి బాగా దూరంగా, అదే రకం రాతిలో ఉన్న ఇంకో బావినీ అదే రోజు కొలవాలి. అన్నిటికంటే ముఖ్యం ఇదే. రెండూ కలిసి తగ్గితే వేసవి, మీదొక్కటే పడిపోతే గని. వర్షం లెక్క కూడా పక్కనే రాయండి.

వాగుగట్టు:
చాలా థాంక్స్ సార్. ముందే కొలిచిపెట్టమని గని వాళ్లనే అడగొచ్చా?

లెవెల్‌కర్ర:
అడగండి, రాతపూర్వకంగానే అడగండి. అమెరికాలో పెన్సిల్వేనియా 1994లో చేసిన చట్టం ప్రకారం, తవ్విన అంచు నుంచి నిలువుకి 35 డిగ్రీల వాలులో పైకి గీస్తే వచ్చే హద్దు లోపల బావి చెడితే, కారణం గనే అని ముందుగా భావిస్తారు. కాదని గని నిరూపించుకోవాలి. మీ దగ్గర నియమం ఏదైనా, వాళ్ల కొలతతో పాటు మీ కొలతా ఉండాలి. ఒరకి ఒక చోట పెయింట్‌తో గుర్తు పెట్టి, ప్రతిసారీ అక్కడి నుంచే టేపు వదలండి. చేద తాడు సాగుతుంది, అమ్మగారి లెక్క దాంతో తేలదు.

వాగుగట్టు:
సాయంత్రం గుర్తు పెట్టాం. టేపు చివర బోల్టు కట్టి వదిలితే, నీటికి తగిలిన చప్పుడు అమ్మే ముందు పట్టింది. 6 మీటర్ల 42 సెంటీమీటర్లు. దూరంగా ఉన్న బావి 7 మీటర్ల 10. తేదీ వేసి రాశాను.