బ్రిడ్జి మీద జూనియర్ నోరు విప్పవచ్చా?

ప్రశ్న: థర్డ్ ఆఫీసర్, కవిటి

అందరికీ నమస్కారం. బల్క్ క్యారియర్ (బొగ్గు, ధాన్యం వంటి సరుకు మోసే ఓడ) మీద ఏడు నెలలు పనిచేసి సెలవుకు ఇంటికి వచ్చాను. ఓడ ఎక్కేముందు చేసిన బ్రిడ్జి (ఓడను నడిపే గది) టీమ్ కోర్సులో, సందేహం కలిగిన వెంటనే పైకి చెప్పమని పదేపదే నేర్పారు. ఓడ మీద మొదటి వారంలోనే కెప్టెన్ గారు "కోర్సు మాటలు కోర్సులోనే వదిలెయ్" అన్నారు.

ఒక రాత్రి రేవులోకి వెళ్తుండగా ఆయన "పోర్ట్ టెన్" (చుక్కానిని ఎడమకు పది డిగ్రీలు) అన్నారు. చుక్కాని దగ్గరున్న కళాసీ "పోర్ట్ టెన్" అని సరిగానే తిరిగి పలికి, చక్రాన్ని మాత్రం కుడివైపు తిప్పాడు. రడ్డర్ (చుక్కాని) ఎటు తిరిగిందో చూపే సూచిక ముల్లు కుడికి జరగడం నేను చూశాను. దాన్ని గమనించడమే నా పని, అయినా నోరు పెగలలేదు. రెండు రోజుల ముందే మధ్యలో మాట్లాడినందుకు అందరి ఎదుటా చీవాట్లు తిని ఉన్నాను. ముల్లు అయిదు దాటాక కెప్టెన్ గారే చూసి అరిచారు. ప్రమాదం జరగలేదు కనుక ఆ సంగతి ఎక్కడా రాయలేదు. పెద్ద అధికారుల ధోరణి అంతటా ఇలాగే ఉంటుందా?

జవాబు: విశ్రాంత చీఫ్ ఇంజినీరు, సోంపేట

బాబూ, ఈ శిక్షణకు మూలం విమానయానంలో ఉంది. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనరిఫే దీవిలో రెండు జంబో విమానాలు రన్‌వే మీద ఢీకొని 583 మంది మరణించారు. ఎదుటి విమానం ఇంకా రన్‌వే మీదే ఉందేమోనని ఫ్లైట్ ఇంజినీరు అడిగినా కెప్టెన్ పట్టించుకోలేదు. ఓడల విషయానికి వస్తే, నావికుల శిక్షణ, అర్హతలకు సంబంధించిన ఎస్.టి.సి.డబ్ల్యు. అనే అంతర్జాతీయ ఒప్పందానికి 2010లో మనీలాలో చేసిన సవరణలు 2012 జనవరి 1న అమలులోకి వచ్చి, అధికారులకు నాయకత్వం, జట్టుపని తప్పనిసరి నైపుణ్యాలయ్యాయి. సరిగ్గా పన్నెండు రోజులకు, జనవరి 13న, కోస్టా కాంకార్డియా అనే ప్రయాణికుల ఓడ ఇటలీలోని జీలియో దీవి దగ్గర రాయికి తగిలి 32 మంది పోయారు. ఓడను ఒడ్డుకు అంత దగ్గరగా తెస్తుంటే బ్రిడ్జి మీద మిగిలిన అధికారులు లేకపోలేదు, గట్టిగా అడ్డుచెప్పినవారే లేరు. అక్కడ కూడా చివరి క్షణాల్లో చుక్కానిని ఒకసారి తప్పు వైపు తిప్పారు.

నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెబుతాను. మీవంటి కుర్రవాళ్లకు చెప్పడం నేర్పారు గాని, మాబోటి పెద్దలకు వినడం నేర్పలేదు. నేనే ఆ కోర్సులో వెనక బల్లలో కూర్చుని, మధ్యాహ్న భోజనం ఎప్పుడా అని చూశాను.

జవాబు: చీఫ్ ఆఫీసర్, విజయనగరం

ఇంజినీరు గారి మాటతో సగమే ఏకీభవిస్తాను, ఎందుకంటే తప్పంతా వైఖరిదే అనడం తేలిక. ఏ 24 గంటలలోనైనా 10 గంటలు, ఏడు రోజులలో 77 గంటలు విశ్రాంతి ఉండాలని నిబంధన. లోడింగ్ ముగించి, కాగితాలు తేల్చి, నిద్ర చాలని కళ్లతో బయలుదేరినవారికి ఆ సాయంత్రమే డ్రిల్ పెడితే, ఫొటో తీసి, రిజిస్టరులో సంతకాలు చేయించి టీకి పంపేస్తాం. నేనూ పంపాను.

అయితే నేను చూసిన ఒక కెప్టెన్, రేవులోకి దారి చూపే పైలట్ ఓడ ఎక్కే ముందు, మమ్మల్ని చార్టు చుట్టూ నిలబెట్టి, ఒక మలుపు మీద పెన్సిల్ పెట్టి, "నేను పొరబడితే ఇక్కడే పొరబడతాను, అప్పుడు ఆపండి" అనేవారు. ఆ మాట తరువాత శిక్షణలో ఉన్న డెక్ కేడెట్‌కు కూడా జంకు ఉండేది కాదు. అలాంటివారు దొరకనప్పుడు, తమ్ముడూ, "సార్, మీరు పొరపాటు" అనకు. సూచిక మీద ఉన్నది ఉన్నట్టు పైకి చదువు: "రడ్డర్ స్టార్‌బోర్డ్ (కుడికి) త్రీ, సార్." అంకెను చదివినందుకు ఎవరూ కోప్పడరు.

జవాబు: బోసన్ (కళాసీల పెద్ద), బారువ

అయ్యా, జట్టు అంటే అధికారుల జట్టేనా? గాలి ఆడని ట్యాంకుల్లోకి, హోల్డుల్లోకి (సరుకు నింపే అరల్లోకి) దిగేది మేము. అందుకోసం 2015 నుంచి రెండు నెలలకొకసారి డ్రిల్ తప్పనిసరి అయింది. మా ఓడ మీద ఆ డ్రిల్‌కు తెచ్చిన ఆక్సిజన్ మీటరులో బ్యాటరీ లేకపోతే, "ఉందనుకోండి" అన్నారు. అందరం ఉందనుకున్నాం. బొగ్గు హోల్డులోని ఆక్సిజన్‌ను అదే తినేస్తుంది. దిగినవాడు కూలితే, కాపాడదామని ఊపిరి సిలిండరు లేకుండా దిగిన రెండోవాడూ కూలుతాడు. మా ఊరిలో పెద్దవల లాగేటప్పుడు కాలికి తాడు చుట్టుకుందని కుర్రాడు అరిస్తే, ముందు తాడు ఆపుతారు, అరిచింది ఎవరో తరువాత చూస్తారు.

ప్రశ్నకర్త

అందరికీ కృతజ్ఞతలు. అంకెను పైకి చదవవచ్చునన్న ఆలోచన నాకు ఆ రాత్రి తట్టలేదు. ఒక సంగతి రాయకుండా దాచాను. మరునాడు ఆ కళాసీ మెస్ దగ్గర నన్ను ఆపి, "సార్, మీరు ముల్లునే చూస్తున్నారు కదా, నాకెందుకు చెప్పలేదు?" అని అడిగాడు. కెప్టెన్ గారికి భయపడ్డాను సరే, అతనికి చెప్పడానికి ఏమి అడ్డువచ్చిందో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.