గొంతునొప్పికి ఒక్క డోసు స్టెరాయిడ్: ఖర్చుకు తగిన ఫలితం ఉందా?

కావలి మాస్టారు: గొంతునొప్పి వచ్చి రెండు రోజులుగా తరగతిలో నోరు విప్పలేకపోతున్నాను. ఒక డెక్సా (డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మాత్ర) వేసుకుంటే సాయంత్రానికల్లా తగ్గిపోతుందని తోటి ఉపాధ్యాయుడు అంటున్నారు. ఇది నిజంగా అంత చవకైన మందే అయితే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో అందరికీ ఎందుకు ఇవ్వరు?

కందుకూరు మందుల షాపు: ఇందులో సందేహించవలసినది ఏమీ లేదు మాస్టారూ. 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో నిపుణుల బృందమే ఒక డోసు ఇవ్వవచ్చని సూచించింది. 10 వైద్య ప్రయోగాల్లో పాల్గొన్న 1,426 మందిని కలిపి చూసినప్పుడు, నొప్పి పూర్తిగా పోవడానికి పట్టే సమయం సగటున 11 గంటలు తగ్గింది. పొగాకు గ్రేడింగ్‌కు వెళ్లే ఆడమనిషికి 11 గంటలంటే ఒక రోజు కూలి. ఆ కూలి పక్కన పెడితే మాత్ర ఖరీదు లెక్కలోకే రాదు.

కనిగిరి పీహెచ్‌సీ వైద్యురాలు: ఆ సూచనను బలహీనమైన సూచనగా ఆ బృందమే పేర్కొన్న సంగతి మీరు చెప్పలేదు. అదే సంవత్సరం వెలువడిన ఒక పరిశోధనలో ఇంగ్లండులోని 42 క్లినిక్‌లలో, అప్పటికప్పుడు యాంటీబయాటిక్ అవసరం లేదనుకున్న పెద్దవారికి 10 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ ఒక్కసారి ఇచ్చి చూశారు. 24 గంటలకు మందు తీసుకున్నవారిలో 22.6 శాతం, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 17.7 శాతం పూర్తిగా కోలుకున్నారు. ఆ తేడా కాకతాళీయం కాదని చెప్పడానికి చాలదు. 48 గంటలకు మాత్రం 35.4, 27.1 శాతాలతో తేడా స్పష్టంగా కనిపించింది. అంటే సుమారు 12 మంది మింగితే ఒక్కరికి అదనపు మేలు. పైగా పనికి వెళ్లలేకపోయిన రోజుల్లో తేడా తేలలేదు. మీరు చెప్పే కూలి లెక్క అక్కడే నిలబడలేదు.

కందుకూరు మందుల షాపు: 48 గంటలకు తేడా ఉందని మీరే ఒప్పుకున్నారు, నాకు అది చాలు. అక్కడివారికి జీతంతో కూడిన సెలవు దొరుకుతుంది కాబట్టి నొప్పి తగ్గినా ఇంట్లోనే ఉంటారు. మనవారు నొప్పితోనే పనికి వెళతారు. వారి రోజుల లెక్క మనకు ఎలా వర్తిస్తుంది?

చీమకుర్తి గ్రానైట్: మా దగ్గర సగం గొంతునొప్పులు రాతి దుమ్ము వల్ల వచ్చేవే. వాటికీ స్టెరాయిడేనా?

నెల్లూరు అబ్బాయి: మా అమ్మకు షుగరు ఉంది. గొంతు నొప్పిగా ఉందంటే ఊళ్లోని ఆర్.ఎం.పి. ఒకాయన ఏమీ అడగకుండా డెక్సా సూది వేశాడు. గొంతు మరునాటికే తెరుచుకుంది, నేను కాదనను. కానీ ఆ మరునాడే షుగరు 400 దాటింది. నెల్లూరులో మూడు రోజులు ఆసుపత్రిలో ఉంచవలసి వచ్చింది. ఆ సూది చవకో ప్రియమో ఇప్పుడు చెప్పండి.

కందుకూరు మందుల షాపు: బాధాకరమే తమ్ముడూ, కానీ తప్పు షుగరు సంగతి అడగని మనిషిది, మందుది కాదు. ఒక్కరికి జరిగిందని అందరికీ మానేయాలా?

కనిగిరి పీహెచ్‌సీ వైద్యురాలు: ఒక్కరికేనా? డెక్సామెథసోన్ ప్రభావం ఒంట్లో ఒకటిన్నర నుంచి మూడు రోజుల వరకు ఉంటుంది. తమకు షుగరు ఉందని తెలియనివారు మన పల్లెల్లో ఎందరో! ఇంకొక మాట. పరిశోధనలో ఇచ్చినది ఒకే ఒక్క డోసు. మన షాపుల్లో కట్టే పొట్లంలో అరమిల్లీగ్రాము మాత్ర రోజుకు రెండు చొప్పున మూడు రోజులకు ఉంటుంది. 10 మిల్లీగ్రాములు కావాలంటే అలాంటివి 20 మింగాలి. పరిశోధన ఫలితాన్ని చూపించి పొట్లాన్ని అమ్ముతున్నారు.

కందుకూరు మందుల షాపు: నేను పొట్లాలు కడతానని మీరు ఎలా అంటారు? పాతికేళ్లుగా చీటీ చూసి మందు ఇస్తున్నవాణ్ణి. మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మా నాన్నను మా మండలంలోని ఆరోగ్య కేంద్రానికి నాలుగుసార్లు తీసుకెళితే మూడుసార్లు డాక్టరు కుర్చీ ఖాళీగా ఉంది. ఆటోకు పోనురాను ఖర్చు, నాకు షాపు మూత, ఆయనకు రోజంతా ఎండలో కూర్చోవడం. మీ ఉచిత వైద్యం ధర అది. మీరు మాత్ర ఖరీదునూ దాని చెడునూ తూకం వేస్తున్నారు. మీ దగ్గరికి రావడానికి పోయే రోజును ఆ తక్కెడలో ఎవరూ వేయరు.

నెల్లూరు అబ్బాయి: మేమూ అందుకే ఆర్.ఎం.పి. దగ్గరికి వెళ్లాము.

కనిగిరి పీహెచ్‌సీ వైద్యురాలు: పొట్లాల మాట మిమ్మల్ని ఉద్దేశించి అన్నట్లు ఉంటే మన్నించండి. ఖాళీ కుర్చీకి నా దగ్గర సమాధానం లేదు. కానీ పిల్లల్లో స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే గొంతునొప్పిని వదిలేస్తే కొందరికి కీళ్లవాతం జ్వరం వచ్చి గుండె కవాటాలు దెబ్బతింటాయి. స్టెరాయిడ్‌తో నొప్పి పోతే తల్లి ఆ బిడ్డను మళ్లీ తీసుకురాదు. నా భయం ధర గురించి కాదు, ఎవరూ చూడకుండానే నొప్పి తగ్గిపోవడం గురించి. మింగలేక అల్లాడుతున్న పెద్దవారికి, షుగరు చూసి, ఒక్క డోసు ఇస్తే నేనూ అడ్డు చెప్పను.

కందుకూరు మందుల షాపు: షుగరు చూసే మిషన్ నా షాపులో ఉంది. చూసి, రాసిపెట్టి, ఆ ఒక్క డోసే ఇస్తాను. ఒప్పుకుంటారా?

కనిగిరి పీహెచ్‌సీ వైద్యురాలు: గొంతులోకి టార్చి వేసి చూసేది ఎవరు?

కావలి మాస్టారు: నేను ఇంకా ఉప్పునీళ్లే పుక్కిలిస్తున్నాను. షుగరు ఎప్పుడూ చూపించుకోలేదు. ముందు ఆ పని చేసి వస్తాను.